పొలాన్నీ సంతతినీ నాశనం చేసే కల్లోలం
అణు ఉగ్రవాద ప్రమాదం - విశ్వాసి బాధ్యత

దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోని 204, 205 ఆయతులలో అల్లాహ్ ఒక రకం మనిషిని మనకు పరిచయం చేశాడు. అతని మాటలు వినడానికి ఎంతో ఇంపుగా ఉంటాయి. తన మనసులో ఉన్నదానికి అల్లాహ్‌నే సాక్షిగా నిలబెడతాడు. కాని అవకాశం చిక్కిందంటే చాలు, భూమిపై కల్లోలం రేపడానికే పరుగులు తీస్తాడు. పంటపొలాలను, సంతతిని నాశనం చేస్తాడు. అల్లాహ్ కల్లోలాన్ని ఎంతమాత్రం ఇష్టపడడని ఆ ఆయతు స్పష్టం చేస్తోంది.

ఈ ఆయతులు అఖ్‌నస్ బిన్ షురైఖ్ అనే వ్యక్తి విషయంలో అవతరించాయని పలువురు వ్యాఖ్యాతలు తెలిపారు. అతడు దైవప్రవక్త (సఅసం) సన్నిధిలో తీయగా మాట్లాడి, తిరిగి వెళుతూ ముస్లిముల పంటను తగులబెట్టి, పశువులను చంపాడని చెబుతారు. అయితే ఖుర్ఆన్ తీర్పు ఒక్క మనిషితో ఆగిపోదు. ఆ గుణం ఎవరిలో ఉంటే వారందరికీ అది వర్తిస్తుంది. 'హర్స్' అంటే పంట, 'నస్ల్' అంటే సంతతి. ఈ రెండింటినీ ఒకేసారి దెబ్బతీసే సాధనం ఈ కాలంలో ఏదైనా ఉందంటే అది అణుధార్మికతే. అది దుర్మార్గుల చేతికి చిక్కితే ఏమవుతుంది? దాని విషయంలో షరీఅత్ ఏమంటోంది? గోదావరి తీరాన బతుకుతున్న మన కుటుంబాలు ఏం తెలుసుకోవాలి? ఈ నెల పాఠంలో వీటిని పరిశీలిద్దాం.

అణు ఉగ్రవాదం అంటే ఏమిటి?

అణు ఉగ్రవాదం అనగానే హిరోషిమా, నాగసాకి గుర్తుకు వస్తాయి. 1945 ఆగస్టు 6న, 9న ఆ నగరాలపై పడినవి అణుబాంబులు. అలాంటి బాంబుకు బాగా శుద్ధి చేసిన యురేనియం గాని, ప్లుటోనియం గాని కావాలి. వాటిని తయారుచేయడం ప్రభుత్వాల స్థాయి పని. ఒక ముఠాకు అది అంత తేలికగా సాధ్యపడదు. అందుకే అలాంటి పదార్థం దొంగల చేతికి చిక్కకుండా కాపలా కాయడంపైనే దేశాలన్నీ దృష్టి పెట్టాయి.

రెండవది అణు కేంద్రాలపై దాడి. మూడవది, మన ఊళ్ళకు దగ్గరగా ఉన్నది, మామూలు అవసరాలకు వాడే రేడియోధార్మిక పదార్థాన్ని దొంగిలించి జనం మధ్య వెదజల్లడం. దీన్ని 'డర్టీ బాంబు' అంటారు. ఇది అణుబాంబు కాదు, ఊరిని బూడిద చేయదు. పేలుడు వల్ల కొందరు చనిపోవచ్చు. కాని దాని అసలు ఆయుధం భయం. ఆ పదార్థం పడిన చోట ఇళ్ళు ఖాళీ చేయవలసి వస్తుంది. మట్టిని తవ్వి తీసుకుపోవలసి వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరే కాలువల నీటితోనే మన వరి, కొబ్బరి, చేపల చెరువులు బతుకుతున్నాయి. ఆ నీటిలో ఏదో కలిసిందన్న మాట పుడితే చాలు, నిజానికి ఏమీ కలవకపోయినా మన ధాన్యాన్ని, రొయ్యను కొనేవాడు ఉండడు. పొలాన్ని నాశనం చేయడమంటే ఇదే.

ఇలాంటి పదార్థాలు ఎక్కడ ఉంటాయి? క్యాన్సర్ ఆసుపత్రులలో చికిత్సకు వాడతారు. కర్మాగారాలలో వెల్డింగ్ అతుకులను పరీక్షించడానికి వాడతారు. చమురు, గ్యాస్ బావులలో భూమి పొరలను తెలుసుకోవడానికి కూడా వాడతారు. ఇవన్నీ ప్రజలకు మేలు చేసే పనులే. కత్తి వంటవాడి చేతిలోనూ ఉంటుంది, హంతకుడి చేతిలోనూ ఉంటుంది. తేడా చేతిలోనే ఉంది.

మన గడ్డపై జరిగినది

నాలుగు దశాబ్దాలకు పైగా ఓ.ఎన్.జి.సి. సంస్థ మన డెల్టాలో బావులు తవ్వుతోంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుండి ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా మండాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ అణుధార్మికతకు సంబంధించినవి కావు. కాని ప్రమాదకరమైన వస్తువులు మన ఇళ్ళ పక్కనే ఉన్నాయన్న సంగతిని ఇవి మనకు గుర్తుచేశాయి.

2019 జనవరిలో అంతకన్నా భిన్నమైన సంఘటన జరిగింది. రాజమండ్రిలోని ఓ.ఎన్.జి.సి. బేస్ కాంప్లెక్స్ నుండి ఒక పెట్టె కనిపించకుండా పోయింది. అందులో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. చమురు బావుల పరీక్షలో వాడేది అది. పోలీసులు ప్రజలను హెచ్చరించారు. గాలింపు జరిగింది. చివరికి ఆ పెట్టె ఎక్కడ దొరికింది? గోదావరి దాటి, భీమవరం అవతల, కొల్లేటి దాపున ఉన్న కలిదిండిలో, పాత ఇనుప సామాన్ల కొట్టులో!

ఈ సంగతిని తేలికగా తీసుకోరాదు. దేశభద్రతకు సంబంధించిన వస్తువు పాత ఇనుము దారిలో అంతదూరం ప్రయాణం చేసింది. తూకానికి అమ్ముడుపోయే బాటిలో దాన్ని ఎవరూ 'ఇదేమిటి?' అని అడగలేదు. పొట్టకూటికి ఇనుము ఏరుకునేవాడి దగ్గరకు చేరగలిగినది, కీడు తలపెట్టినవాడి దగ్గరకు మాత్రం చేరలేదా? కనుక అణు ఉగ్రవాదం నుండి కాపాడుకోవడంలో మొదటి కాపలాదారు సరిహద్దులో ఉన్న సైనికుడే కానక్కరలేదు. బండిపై వీధి వీధీ తిరిగే పాత సామాన్ల అబ్బాయి, గ్యాస్ కట్టర్ పట్టుకున్న వెల్డరు, లారీ డ్రైవరు, వీళ్ళు కూడా కాపలాదారులే. ఈ పనులలో మన సోదరులు ఎందరో ఉన్నారు.

గోయానియా, మాయాపురి నేర్పిన పాఠాలు

1987 సెప్టెంబరులో బ్రెజిల్ దేశపు గోయానియా నగరంలో, వదిలేసిన ఒక క్యాన్సర్ చికిత్సా కేంద్రం నుండి ఇద్దరు వ్యక్తులు ఒక యంత్రభాగాన్ని ఎత్తుకుపోయి విప్పారు. తర్వాత పాత ఇనుము వ్యాపారికి అమ్మారు. లోపల ఉన్న సీజియం పొడి చీకట్లో నీలంగా మెరిసింది. వింతగా ఉందని ఆ వ్యాపారి బంధుమిత్రులకు చూపించాడు, పంచిపెట్టాడు. ఆరేళ్ళ పసిపాప ఆ పొడితో ఆడుకుని, అవే చేతులతో అన్నం తింది. ఇంట్లోవారు ఒక్కొక్కరే జబ్బుపడుతుంటే ఆ వ్యాపారి భార్యకు ఆ వస్తువు మీదనే అనుమానం కలిగింది. దాన్ని సంచిలో పెట్టించి, బస్సులో తీసుకెళ్ళి ఆరోగ్య అధికారుల ముందు పెట్టింది. అసలు విషయం అప్పుడు బయటపడింది. ఆ పాప, ఆ మహిళతో సహా నలుగురు మరణించారు. సుమారు 1,12,000 మందిని పరీక్షించగా 249 మందికి అణుధార్మికత అంటినట్లు తేలింది. ఇళ్ళు కూల్చవలసి వచ్చింది. భయంతో జనం ఆ పసిపాప ఖననాన్ని కూడా రాళ్ళు రువ్వి అడ్డుకోబోయారు.

అక్కడ దాడి చేసినవాడు ఎవడూ లేడు. దురుద్దేశం లేకుండానే ఇంత జరిగితే, దురుద్దేశం తోడైతే ఎలా ఉంటుందో ఊహించవచ్చు. 1995 నవంబరులో మాస్కోలోని ఒక ఉద్యానవనంలో సీజియం ఉన్న పొట్లాన్ని చెచెన్ తిరుగుబాటుదారులు పాతిపెట్టి, ఆ సంగతి టెలివిజన్ వారికి తెలియజేశారు. దాన్ని పేల్చలేదు. బెదిరించడానికే అలా చేశారు. అది చేసినవారు ముస్లిం పేర్లు గలవారే. పేరు ముస్లిందైనంత మాత్రాన పని ధర్మబద్ధం కాదు. ఈ మాట మన పిల్లలకు మనమే స్పష్టంగా చెప్పాలి.

మన దేశంలో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో ఇలాంటిదే జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళుగా వాడకుండా పడి ఉన్న యంత్రాన్ని వేలంలో అమ్మారు. అందులో కోబాల్ట్-60 ఉంది. పనివారు దాన్ని ముక్కలు చేశారు. ఒకరు చిన్న ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగారు. ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. చదువుకున్నవారి నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించినవాడు రోజుకూలీ.

షరీఅత్ తీర్పు

మాయిదా సూరా 32వ ఆయతులో, ఒక ప్రాణానికి బదులుగా గాని, భూమిపై కల్లోలం రేపినందుకు గాని కాకుండా ఒక్క మనిషిని చంపినా సమస్త మానవాళిని చంపినట్లేనని, ఒక్క ప్రాణాన్ని కాపాడినా అందరినీ కాపాడినట్లేనని అల్లాహ్ తెలియజేశాడు. యుద్ధంలో సైతం స్త్రీలను, పిల్లలను చంపరాదని దైవప్రవక్త (సఅసం) వారించారు (బుఖారీ, ముస్లిం). హజ్రత్ అబూబక్ర్ (రజి) సేనను సాగనంపుతూ ముసలివారిని చంపవద్దని, పండ్ల చెట్లు నరకవద్దని ఆదేశించారు. అణుధార్మికతకు ఈ విచక్షణ లేదు. ఊయలలోని బిడ్డను, గర్భంలోని శిశువును, నమాజులో ఉన్నవాడిని, అతని పొరుగింటి హిందూ సోదరుడిని అది వేరుచేసి చూడదు. సీజియం-137 పడిన నేలలో ముప్పై ఏళ్ళ తర్వాత కూడా సగం మిగిలే ఉంటుంది. అంటే ఇంకా పుట్టనివారిపై కూడా దాడి జరిగినట్లే. కాబట్టి ఏ సాకు చెప్పినా ఇది హరామ్. ఇందులో రెండో మాటకు తావులేదు.

2008 ఫిబ్రవరిలో దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్‌లో సమావేశమైన వేలాది ఉలమాలు ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించారు. ఉగ్రవాదం కొట్టే దెబ్బ ఎలాంటిదో మనకు తెలియనిది కాదు. 2007 మే 18 శుక్రవారం హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు నేలకొరిగినవారు నమాజుకు వచ్చినవారే.

ప్రమాదకర వస్తువును నిర్లక్ష్యంగా ఉంచడం కూడా తప్పే. బాణాలు పట్టుకుని మసీదులోగాని, బజారులోగాని వెళ్ళేవాడు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలను పట్టుకోవాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించారు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయింది. ఆ వార్త విని ఆయన (సఅసం), నిప్పు మీ శత్రువు కనుక పడుకునేముందు దాన్ని ఆర్పివేయండని ఉపదేశించారు (బుఖారీ, ముస్లిం). బాణపు మొనకే ఇంత జాగ్రత్త అయితే, సీజియం పెట్టెకు ఎంత జాగ్రత్త ఉండాలి! దాన్ని భద్రపరిచే ఉద్యోగం ఒక అమానతు. తాళం వేయడం, లెక్క చూసుకోవడం, పని అయ్యాక తిరిగి అప్పగించడం జీతం కోసం చేసే పని మాత్రమే కాదు. నిసా సూరా 58వ ఆయతు ప్రకారం అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించడం దైవాజ్ఞ.

దొరికిన వస్తువు విషయంలో

దారిలో దొరికిన వస్తువును ఫిఖ్‌హ్‌లో 'లుఖతా' అంటారు. ఒక వ్యక్తి దీని గురించి అడిగినప్పుడు, దాని సంచిని, కట్టిన తాడును గుర్తుపెట్టుకుని సంవత్సరంపాటు ప్రకటించమని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. మరి తప్పిపోయిన ఒంటె సంగతేమిటని అడిగితే ఆగ్రహించారు. దానితో నీకేం పని, దాన్ని వదిలేయమన్నారు (బుఖారీ, ముస్లిం). ఒంటెను వదిలేయమనడానికి కారణం వేరే. అది తన నీళ్ళు, మేత తానే వెతుక్కోగలదు. అయినా దొరికిన ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకోవడమే ధర్మం కాదని ఈ హదీసు నుండి గ్రహించవచ్చు. ముట్టుకుంటే ప్రాణం తీసే వస్తువు విషయంలో ధర్మం ఒక్కటే: తాకకుండా వదిలి, బాధ్యులకు తెలియజేయడం. దొంగసొత్తు అని తెలిసి కొనడం ఎలాగూ నిషిద్ధం. తక్కువ ధరకు వచ్చిందన్న ఆశతో కళ్ళు మూసుకోవడం దానికి దగ్గరి బంధువే.

ఇక్కడ ఒక నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. అలాంటి వస్తువు కొట్టులో కనిపించగానే మన సోదరుడికి మొదట కలిగేది రేడియేషన్ భయం కాదు, పోలీసు భయం. "నా పేరు చూసి నన్నే అనుమానిస్తే?" అనుకుంటాడు. దాన్ని గోనె కింద దాచేస్తాడు, లేదా రాత్రికి రాత్రి కాలువలో పడేస్తాడు. ఈ భయం అకారణమని అనలేం. కాని దాచిన ప్రతి గంటా అతని భార్యాబిడ్డల ప్రాణానికే ముప్పు. పైగా ఆ ఆలస్యమే రేపు అనుమానానికి సాక్ష్యమవుతుంది. కనుక ఒంటరిగా వెళ్ళడానికి జంకితే మసీదు కమిటీ పెద్దను గాని, ఊరి పెద్దను గాని వెంటబెట్టుకుని వెళ్ళాలి. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. పెద్దలు కూడా అతన్ని ఒంటరిగా వదిలేయకూడదు. మంచిలో పరస్పరం సహకరించుకోమన్న మాయిదా సూరా 2వ ఆయతుపై అమలు అంటే ఇదే.

తెలుసుకోవలసిన జాగ్రత్తలు

1. గుర్తు: పసుపు రంగుపై ఫ్యాను రెక్కల్లా మూడు నల్లని రెక్కలు ఉంటే అది రేడియేషన్ గుర్తు. 2007 నుండి మరో గుర్తు కూడా వచ్చింది. ఎర్రని త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి ఉంటాయి. చదువురానివారు కూడా ప్రమాదాన్ని గ్రహించాలనే ఆ బొమ్మ పెట్టారు. దాన్ని పిల్లలకు చూపించండి.

2. బరువు: పరిమాణానికి మించి బరువుగా ఉన్న డబ్బా, లోపల సీసం పూత ఉన్న పెట్టె, ఆసుపత్రి లేదా ప్రయోగశాల యంత్రభాగం కనిపిస్తే ఆగండి. విప్పవద్దు, సుత్తితో కొట్టవద్దు, గ్యాస్ కట్టర్ పెట్టవద్దు, జేబులో వేసుకోవద్దు. ఇలాంటి వస్తువు నుండి వచ్చే కిరణాలకు వాసన ఉండదు. కంటికి కనిపించకుండానే హాని చేస్తుంది.

3. దూరం: వెంటనే దూరంగా జరగండి, ఇతరులనూ జరపండి. దూరం రెండింతలైతే సోకే కిరణాలు దాదాపు నాలుగో వంతుకు తగ్గుతాయి. దగ్గర ఉండే సమయం తగ్గాలి, మధ్యలో గోడ వంటి అడ్డు ఉండాలి.

4. సమాచారం: 112కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పండి. దేశంలో ఇలాంటి పదార్థాలపై పర్యవేక్షణ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంలో ఇందుకు శిక్షణ పొందినవారు ఉన్నారు. తీయడం, తరలించడం వారి పని. గోయానియా మహిళ ఉద్దేశం గొప్పది. కాని దాన్ని బస్సులో మోసుకెళ్ళే అవసరం మనకు లేదు, ఫోను ఉంది.

5. పొడి అంటితే: పై బట్టలు నెమ్మదిగా విప్పి సంచిలో కట్టి దూరంగా ఉంచండి. అంటిన ధూళిలో చాలాభాగం బట్టలతోనే పోతుంది. తర్వాత సబ్బుతో స్నానం చేయండి, చర్మాన్ని గట్టిగా రుద్దవద్దు. చేతులు శుభ్రపడేవరకు నోట్లో ఏమీ పెట్టుకోవద్దు. కాలువలో, చెరువులో కడగవద్దు.

6. వైద్యం: వాంతులు, నిప్పు తగలకుండానే కాలినట్లు పుండ్లు, జుట్టు ఊడటం వంటివి కనిపిస్తే, ముట్టుకున్న వస్తువు సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అయోడిన్ మాత్రలు అన్నిటికీ మందు కావు. అవి రేడియోధార్మిక అయోడిన్ నుండి మాత్రమే రక్షిస్తాయి, సీజియంకు పనిచేయవు. ఒంటి మీది ధూళి శుభ్రం చేశాక బాధితుని చూసి పారిపోవలసిన పనిలేదు. అది అంటువ్యాధి కాదు. అతన్ని పరామర్శించడం మన బాధ్యత. మరణిస్తే అధికారుల సూచనల మేరకు గౌరవంగా సాగనంపడమూ మన బాధ్యతే.

7. పెద్ద సంఘటన జరిగితే: ఇంట్లోకి వెళ్ళి తలుపులు, కిటికీలు మూసుకుని అధికారుల ప్రకటన కోసం వేచి ఉండండి. ప్లేగు వచ్చిన ప్రాంతంలోకి వెళ్ళవద్దని, అక్కడ ఉన్నవారు దానికి భయపడి పారిపోవద్దని దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన ఆదేశం (బుఖారీ, ముస్లిం) వేరే సందర్భానిదే. అయినా ఆపదలో కట్టుబాటు విలువను అది నేర్పుతుంది.

వదంతులతో జాగ్రత్త

ఉగ్రవాదికి సగం పని వదంతి చేసిపెడుతుంది. భయం గురించిన వార్త చేరగానే వ్యాపింపజేయకుండా బాధ్యుల దృష్టికి తేవాలని నిసా సూరా 83వ ఆయతు, వార్తను నిర్ధారించుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తున్నాయి. సెల్‌ఫోనుకు వచ్చిన ప్రతి సందేశాన్ని ముందుకు పంపడం ఈ ఆదేశానికి విరుద్ధం. అవసరమైతే మసీదు మైకులో అధికారుల ప్రకటనను మాత్రమే వినిపించాలి. అలాగే ఫలానా మతంవారి పనేనని ఊహించి మాట్లాడటం కూడా పాపమే. మనపై అలాంటి ఊహలు వస్తే మనకెంత బాధ కలుగుతుందో అది ఎదుటివారికీ కలుగుతుంది.

చట్టానికి సహకరించడం

మన దేశ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఈ పదార్థాలు ఉంచుకోవడం నేరం. సామూహిక విధ్వంసక ఆయుధాలపై 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. అణు ఉగ్రవాదాన్ని అణచడానికి ఐక్యరాజ్యసమితి 2005లో ఆమోదించిన ఒడంబడికలో మన దేశం 2006లోనే చేరింది. కాని ఢిల్లీలో రాసిన చట్టం కలిదిండి కొట్టుదాకా రావాలంటే మధ్యలో మనుషులు మేలుకుని ఉండాలి.

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ దృష్టాంతం మీరు వినే ఉంటారు (బుఖారీ). కింది అంతస్తులోని వారు నీళ్ళ కోసం తమ వంతు భాగంలోనే చిల్లు పెట్టుకుంటామంటారు. పైవారు ఊరుకుంటే అందరూ మునుగుతారు, చెయ్యి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు. గోదావరి లాంచీ ఎక్కినవారికి ఈ ఉపమానాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే ఒకటి గమనించండి. కిందివారికి నీళ్ళు అందకపోవడం వల్లనే చిల్లు ఆలోచన వచ్చింది. కనుక పైనున్నవారు చెయ్యి పట్టుకుని ఆపితే సరిపోదు, నీళ్ళు కూడా అందించాలి. పాత ఇనుము ఏరుకునే పేదవాడికి గుర్తులు నేర్పడం, నిజం చెప్పడానికి వచ్చినప్పుడు మర్యాదగా వినడం ఆ నీళ్ళవంటివే.

ఇంట్లో చర్చించడానికి

- బఖరా సూరా 205వ ఆయతులో 'హర్స్', 'నస్ల్' అనే పదాల అర్థం ఏమిటి?
- దొరికిన సంచికి, తప్పిపోయిన ఒంటెకు దైవప్రవక్త (సఅసం) వేర్వేరు ఆదేశాలు ఎందుకిచ్చారు?
- రేడియేషన్ గుర్తును పిల్లలచేత కాగితంపై గీయించండి. అది కనిపిస్తే ఏం చేయాలో వారినే చెప్పమనండి.
- మీ బంధువులలో పాత సామాన్ల వ్యాపారం, వెల్డింగ్ పని చేసేవారు ఉంటే ఈ పాఠాన్ని వారికి చదివి వినిపించండి.

అల్లాహ్ మన ఇళ్ళను, మన ఇరుగుపొరుగును, మన పొలాలను, సంతతిని సకల కల్లోలాల నుండి కాపాడుగాక! అమానతులను కాపాడేవారిలో, ప్రాణాలను నిలిపేవారిలో మనల్ని చేర్చుగాక! ఆమీన్.